పీహెచ్‌సీ ఫ్రిజ్‌కి సోలార్ ఎప్పుడు?

సంపాదకుల గారికి,

ఇంటి పైకప్పు మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టుకుంటే కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం కింద 78 వేల దాకా సబ్సిడీ ఇస్తున్నారు, సంతోషమే. కానీ మా ఏజెన్సీలో గాలివాన వస్తే కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు, అప్పుడు పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) టీకాల ఫ్రిజ్ గురించి టీకాలేసే ఏఎన్ఎమ్‌కు ఒకటే టెన్షన్. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. పోలియో చుక్కలు వేడికి పాడైపోతాయి, పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు ఒకటే టీకా) గడ్డకడితే పనికిరాదు. పోలియో సీసా మీద చిన్న చతురస్రం ఉంటుంది చూడండి, వేడి తగిలేకొద్దీ అది నల్లబడుతుంది, చుట్టూ ఉన్న వలయం రంగులో కలిసిపోయిందంటే ఆ సీసా పారేయాల్సిందే.

దీనికి మందు ఎప్పుడో వచ్చింది. బ్యాటరీ అక్కర్లేని సోలార్ ఫ్రిజ్‌లున్నాయి, పగలు ఎండతో లోపల ఐసు తయారవుతుంది, రాత్రంతా ఆ చల్లదనమే టీకాలను కాపాడుతుంది. బ్యాటరీలతో వచ్చిన గొడవే వేరు, నాలుగేళ్లకు చచ్చిపోతాయి, కొత్తవి కొనే నాథుడుండడు. పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌లో వందలాది పీహెచ్‌సీలకు సోలార్ పెట్టారు కదా, మన దగ్గర కొండ మీది పీహెచ్‌సీలతో ఎందుకు మొదలుపెట్టకూడదు? పెట్టేటప్పుడే ప్లేట్లు తుడిచేదెవరో, రిపేరు బిల్లు ఏ శాఖదో కూడా కాగితం మీద రాయండి.

- ఒక పాఠకుడు, పాడేరు