మెట్ట నేలల జీవాల గుర్తింపు: మన సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం చేసిన పనిలో ఎక్కువ భాగం మహబూబ్‌నగర్, నారాయణపేట, గద్వాల జిల్లాల మెట్ట నేలల్లో తిరిగే జీవాలను గుర్తుపట్టి రాసిపెట్టడమే. నల్లమల గురించి, అమ్రాబాద్ పులుల గురించి పట్టించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. చెలకలు, పడావు భూములు, రాళ్ల గుట్టలు, ఎండిన వాగులు మాత్రం ఎవరి లెక్కలోకీ రావడం లేదు. కాగితాల్లో బంజరు అని రాసి ఉంటే అక్కడ ఏమీ బతకదనుకునేవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. అది తప్పని ఆధారాలతో చూపాలన్నది కార్యవర్గం పట్టుదల.

ఆ పని నేర్చుకోవడానికే చలికాలంలో కొందరు సభ్యులం థార్ ఎడారికి, జైసల్మేర్ వైపు వెళ్లి వచ్చాం. ఎవరి ఖర్చు వాళ్లే పెట్టుకున్నాం, సంఘం నిధిని ముట్టలేదు. ఇక్కడి జీవాల కోసం ఎడారి దాకా పోవడం ఎందుకని సమావేశంలో పెద్దలు అడిగారు, అడగాల్సిన ప్రశ్నే. జైసల్మేర్‌లో ఏడాదికి కురిసే వాన 200 మిల్లీమీటర్ల లోపే. మన దగ్గర దానికి సుమారు మూడింతలు కురుస్తుంది. అయినా గుంటనక్క, చింకారా, కృష్ణజింక, తోడేలు, చిన్న పింజరి, పాలపిట్ట అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. అక్కడ చాటు తక్కువ కాబట్టి జీవం బాగా కనబడుతుంది. కనబడకపోయినా ఇసుక మీద అడుగు మిగులుతుంది.

తెల్లవారకముందే దిబ్బల మీదికి పోతే రాత్రి ఎవరెవరు తిరిగారో అంతా అచ్చుపడి ఉంటుంది. చిన్న పింజరి పాకిన చోట తిన్నని గీత ఉండదు. పక్కవాటుగా ఒళ్లు ఎత్తి వేసుకుంటూ పోతుంది కాబట్టి ఒకదానికొకటి అంటుకోని ఏటవాలు గీతలు వరసగా పడతాయి. నక్క అడుగులో గోళ్ల గుర్తు ఉంటుంది, ఎడారి పిల్లి అడుగులో ఉండదు, పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కదా.

ఈ ఒక్క పాఠమే ఊరికి రాగానే పనికొచ్చింది. దేవరకద్ర వైపు ఒక ఊళ్లో చిరుత తిరుగుతోందని గొర్ల కాపరులు మందను బయటికి తోలడం మానేశారు. మన సభ్యులు వాగులోకి దిగి చూస్తే తడి ఇసుకలో నాలుగు వేళ్లు, ప్రతి వేలి ముందూ గోరు గుచ్చుకున్న చుక్క ఉన్నాయి. ముందుకాలి అడుగు వెనకకాలి అడుగుకన్నా బాగా పెద్దది. అది దుమ్ములగొండి. చచ్చిన పశువుల ఎముకలు కొరుక్కుతినే జంతువు. పక్కనే తెల్లగా సుద్దముక్కలా ఎండిన పెంట కూడా దొరికింది. ఎముకలు తినడం వల్లే దానికి ఆ రంగు. కాపరులు అదంతా దగ్గరుండి చూశాక మర్నాడు మంద తోలారు. గుర్తుపట్టకపోతే ఏమయ్యేదో మనకు తెలుసు: కరెంటు తీగో, విషం పెట్టిన మాంసమో.

జంతువులను వేరుపరచడంలో సభ్యులు ఎక్కువ తడబడుతున్న చోట్లు కొన్ని చెప్పాలి. జింక కనబడగానే కొమ్ములు చూడండి. కృష్ణజింకల్లో మగదానికే మెలికల కొమ్ములు, ఆడదానికి మామూలుగా ఉండవు. చింకారాలో ఆడదానికీ సన్నని కొమ్ములుంటాయి. మన గుంటనక్క తోక కొస నలుపు, థార్‌లో కనిపించే ఎడారి నక్క తోక కొస తెలుపు. తీతువుల్లో కళ్ల దగ్గర ఎర్రతోలు ఉన్నది నీళ్ల పక్కన ఎక్కువ, పసుపు తోలు వేలాడుతూ నల్లటోపీ పెట్టుకున్నది పొడి చెలకల్లో ఎక్కువ. రెండింటినీ ఒకే పేరుతో రాసిన పుటలను వేరుచేయిస్తున్నాం. పాముల సంగతి వేరు, అక్కడ దగ్గరికి వెళ్లి తేల్చుకోవాల్సిన పనే లేదు. చుట్టచుట్టుకుని పొలుసులు రాసుకుంటూ గరగరమని చప్పుడు చేసే చిన్న పింజరి జానెడు మూరెడే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరితో పాటు దీని విషానికీ ఆసుపత్రిలో ఇచ్చే ఒకే మందు పనిచేస్తుంది. ఏ పామో తేలలేదని ఆలస్యం చేయకూడదు, చంపి మోసుకుపోనక్కర్లేదు.

బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) గురించి కొంచెం ఎక్కువ రాస్తున్నాను. మీటరు ఎత్తు, మగదైతే 15 కిలోల దాకా బరువు. ఎగిరే పక్షుల్లో అంత బరువున్నవి ప్రపంచంలోనే కొన్ని. థార్‌లో సేవన్ అనే ఎడారి గడ్డిలో దూరంగా ఒకటి నడుస్తుంటే ముందు దాని మెడే కనబడింది, తెల్లగా, నిటారుగా, నెత్తిన నల్లటి కుచ్చుతో. నాలుగడుగులు వేసి ఆగుతుంది, చుట్టూ చూస్తుంది, మళ్లీ నాలుగడుగులు. మా వాళ్లలో ఒక పెద్దాయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆయన చిన్నప్పుడు తుంగభద్ర అవతల రోళ్లపాడులో దీన్ని చూశారు. ఆ పక్షి కోసమే 1988లో రోళ్లపాడును అభయారణ్యం చేశారు. ఇప్పుడు అక్కడ అది లేదు. దేశం మొత్తం మీద అడవిలో మిగిలినవి 150 దాకా ఉంటాయని అంచనా, వాటిలో అత్యధికం జైసల్మేర్ చుట్టుపక్కలే.

అది తగ్గిపోవడానికి కారణాలు వేట, గడ్డినేలలు పొలాలైపోవడం, ఊరకుక్కలు గుడ్లు తినడం, వీటన్నిటికీ తోడు కరెంటు తీగలు. కళ్లు తలకు పక్కల ఉండటంతో ఎదురుగా ఉన్న తీగ దానికి సరిగా కనబడదు, కనబడేసరికి అంత బరువైన ఒళ్లు పక్కకు తిరగదు. పైగా సాధారణంగా ఒక విడతలో పెట్టేది ఒక్క గుడ్డే. సుప్రీంకోర్టు 2021లో తీగలను భూమి లోపలికి మార్చమంది, 2024లో ఆ ఆదేశాన్ని సవరించి నిపుణుల కమిటీకి అప్పగించింది. 2024 అక్టోబరులో జైసల్మేర్‌లోని సంరక్షణ కేంద్రంలో కృత్రిమ గర్భధారణతో ఒక పిల్ల పుట్టింది. అది పెద్ద విజయమే, కానీ పిల్లను వదలడానికి గడ్డినేల ఉండాలి. మన చెలకల మీద ఇప్పుడు సోలార్ పలకలు, కొత్త తీగలు వస్తున్నాయి. కరెంటు వద్దని ఈ సంఘం అనడం లేదు. తీగ వేసేముందు అక్కడ ఏం బతుకుతోందో రాసిన పుస్తకం ఒకటి ఉండాలంటోంది.

కృష్ణ, మాగనూరు, మక్తల్ మండలాల్లో కృష్ణజింకలు పంట మేస్తున్నాయన్న రైతుల బాధ నిజమైనది. జింకలు కాపాడవలసినవి కాబట్టి రైతు ఊరుకోవాలనడం న్యాయం కాదు. సంఘం చేయగలిగింది నష్టం ఎవరి వల్లో తేల్చి ఫొటోలతో రాసివ్వడం. మొలకల కొసలు కొరికి, సన్నని మొనదేలిన గిట్టల గుర్తులుంటే జింక. నేల తవ్వి, మొదలు పీకి, గిట్టల వెనక రెండు చిన్న గుర్తులు కూడా పడి ఉంటే అడవిపంది. దరఖాస్తు రాసేటప్పుడు ఈ తేడా అక్కరకొస్తోందని రైతులే చెబుతున్నారు.

జమ్మి సంగతి. దసరాకు మనం బంగారంగా పంచుకునే ఆకు ఏ చెట్టుదో అదే చెట్టు రాజస్థాన్‌లో ఖేజ్రీ. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీలో ఆ చెట్లను నరకబోతే కౌగిలించుకుని అమృతాదేవితో సహా బిష్ణోయి సమాజానికి చెందిన 363 మంది ప్రాణాలిచ్చారు. జమ్మి మన రాష్ట్ర వృక్షం కూడా. మన పడావుల్లో మాత్రం సర్కారు తుమ్మ దాన్ని తరిమేస్తోంది. ఊరూరా మిగిలిన పాత జమ్మి చెట్ల పట్టిక మొదలుపెట్టాం, ఇది ఇంకా సగంలోనే ఉంది.

వచ్చే ఏడాది వాగుల వెంట అడుగుల నమోదు, బడిపిల్లలతో చెలక నడకలు కొనసాగుతాయి. జీవాల నమోదుకు వాడే ఈబర్డ్, ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్లలో ఫొటోలు పెట్టే సభ్యులకు ఒక్క విన్నపం: గూళ్లు, గుహలు ఉన్న చోటు ఎవరికీ తెలియనివ్వకండి, వాట్సాప్ గుంపుల్లో అసలే పెట్టకండి. బైనాక్యులర్లు కావాల్సినవాళ్లు కోశాధికారి దగ్గర పుస్తకంలో సంతకం చేసి తీసుకోవచ్చు. జమాఖర్చుల పత్రం విడిగా జతచేశాం. జమ్మి పట్టికలో మీ ఊరు లేకపోతే చెట్టు ఫొటో, అది ఉన్న చోటు రాసి దసరాలోపు కార్యదర్శికి పంపండి.