కొత్త బెడ్‌సోర్ సెట్ ఎందుకు ఆలస్యమవుతోందంటే

నర్సింగ్ విద్యార్థుల శిక్షణకు మా దగ్గర నకిలీ పుండ్లు తీసుకుంటున్న కాలేజీలన్నిటికీ ఒక మాట. కొత్త బెడ్‌సోర్ (కదలకుండా పడుకున్న రోగికి ఒత్తిడి వల్ల పడే పుండు) సెట్ చెప్పిన సమయానికి అందదు. రంగులు మళ్లీ కలుపుతున్నాం.

పాత సెట్‌లో రంగంతా పైపూతే. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉండేది. కానీ విద్యార్థులు చూసి ఊరుకోరుగా! సెలైన్‌తో కడుగుతారు, గాజుగుడ్డతో తుడుస్తారు, టేప్ అంటించి పీకుతారు. టేప్‌తో పాటే రంగూ ఊడొచ్చేది. ఇప్పుడు రంగును సిలికాన్‌లోనే కలిపి పొరలు పొరలుగా పోస్తున్నాం. ఒక పొర గట్టిపడ్డాకే ఇంకోటి. పచ్చి పొరకు లేటెక్స్ గ్లౌజు తగిలిందంటే అందులోని గంధకం వల్ల ప్లాటినం సిలికాన్ (ప్లాటినం సాయంతో గట్టిపడే రకం) జిగురుగానే ఉండిపోతుంది. అందుకే ఇక్కడ అందరి చేతులకూ నైట్రైల్ గ్లౌజులే.

అన్నిటికన్నా ఎక్కువ టైమ్ పడుతున్నది, పుండు లోతును బట్టి చెప్పే నాలుగు దశల్లో అసలు పుండులాగే కనిపించని మొదటిదానికి. చర్మం చిట్లదు. వేలితో నొక్కి వదిలినా ఎరుపు పోదు. తెల్లటి చర్మం మీద అది చూపించడం తేలికే. నల్లటి చర్మం మీద ఆ ఎరుపు కంటికి ఆనకపోవచ్చు. చుట్టూ ఉన్న చర్మంతో పోల్చి వేడి, గట్టిదనం చేత్తో తడిమి చూడాలి. అందుకని ముదురు రంగు ప్యాడ్‌లలో ఆ చోట కాస్త గట్టి సిలికాన్ పోస్తున్నాం. వేడి మాత్రం మావల్ల కాదు, టీచర్లే నోటితో చెప్పుకోవాలి.

‘ఇంకాస్త రక్తం పెట్టండి’ అని కొందరు అడుగుతున్నారు. పెట్టం. మూడో దశలో కొవ్వు కనిపించాలి, నాలుగో దశలో కండరమో ఎముకో బయటపడాలి. అడుగంతా పసుపుపచ్చ స్లఫ్‌తోనో (మెత్తటి చచ్చిన కణజాలం) నల్లటి ఎస్కార్‌తోనో (ఎండిన చచ్చిన కణజాలం) కప్పుకుపోతే అది ఏ దశో అప్పుడే తేల్చలేమని విద్యార్థికి తెలియాలి. వీటన్నిటినీ ఎర్రరంగులో ముంచేస్తే ఇక చూసేదేముంది? అది సినిమావాళ్ల పని.

జెలటిన్ గాయాలు అమ్మడం ఆపేశాం. లైట్ల వేడికి మెత్తబడిపోతున్నాయి. పైగా జెలటిన్, గ్లిజరిన్, నీళ్లు కలిపి వేడిచేస్తే మీరే పోసుకోవచ్చు, కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. దానికి మాకు డబ్బెందుకు?

ఆర్డర్ రద్దు చేసుకుంటే అడ్వాన్స్ మొత్తం వెనక్కి ఇస్తాం. ప్రాక్టికల్స్ దగ్గరపడి ఆగలేనివాళ్లకు పాత సెట్ ఊరికే వాడుకోవడానికి పంపుతాం. దానిమీద టేప్ వేయకండి, బ్యాండేజీ చుట్టండి.