మా పఠన మందిరం ఇన్వర్టర్ లెక్కల చిక్కు విప్పిన మాస్టారికీ, చెల్లెమ్మకూ కృతజ్ఞతలు

మార్కాపురం దగ్గరి మా ఊళ్లో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల కోసం నడుస్తున్న పఠన మందిరంలో, ఇన్వర్టర్ చూపే అంకెకూ బ్యాటరీ మానిటర్ చూపే అంకెకూ పొంతన కుదరడం లేదని నేను సాయం అడిగినప్పుడు, విసుగన్నది లేకుండా సమాధానాలు చెప్పి దారి చూపిన వారందరికీ మందిరం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు. వారిలోనూ పాలిటెక్నిక్ కళాశాలలో బోధించి విశ్రాంతి తీసుకుంటున్న మాస్టారికీ, కర్నూలు జిల్లాలో సోలార్ ప్లాంటు నిర్వహణ పనిలో ఉన్న చెల్లెమ్మకూ మేము ఎంతో రుణపడి ఉన్నాము. తమ పేర్లు రాయవద్దని ఇద్దరూ కోరారు కనుక రాయడం లేదు గానీ, వారు నేర్పిన విషయం ఇలాంటి ఏర్పాటు ఉన్న ఎవరికైనా అక్కరకు వస్తుందని వివరంగా రాస్తున్నాను.

మాది చిన్న ఏర్పాటు. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ ఎంత నిల్వ చేయగలదో చెప్పే కొలత) ట్యూబులర్ బ్యాటరీలు రెండింటిని సిరీస్‌లో కలిపి 24 వోల్టులు చేశారు. వాటికి ఒక సైన్‌వేవ్ ఇన్వర్టర్, మేడ మీది సోలార్ ప్యానెళ్ల నుంచి వచ్చే కరెంటును బ్యాటరీలకు ఎక్కించే చార్జ్ కంట్రోలర్, షంట్‌తో (తన గుండా పోయే కరెంటును కొలవడానికి వాడే చిన్న లోహపు పట్టీతో) పనిచేసే ఒక బ్యాటరీ మానిటర్ ఉన్నాయి. ఇవన్నీ అమర్చినవారు ఊరు విడిచి వెళ్లిపోయారు. ఏ వైరు ఎక్కడికి పోతుందో చెప్పే చిత్రపటం ఒక్కటీ మాకు ఇవ్వలేదు.

రాత్రి కరెంటు పోయి ఫ్యాన్లు, ఎల్ఈడీ ట్యూబులు, కంప్యూటరు నడుస్తున్నప్పుడు ఇన్వర్టర్ తెర మీద లోడు 310 అని కనిపించేది. అదే సమయంలో మానిటర్ 24.4 వోల్టులు, 10.9 ఆంపియర్లు, అంటే 266 వాట్లు చూపేది. ఈ అంకెలు చూడగానే మాస్టారు రాసిన మొదటి వాక్యం మా పిల్లలు నోటుపుస్తకాల్లో ఎక్కించుకున్నారు: "బ్యాటరీ నుంచి 266 తీసుకుని బయటికి 310 ఇచ్చే యంత్రం లోకంలో లేదు బాబూ, కాబట్టి ఆ రెండింట్లో ఒకటి వాట్లు కాదు." ఏ మీటరు చెడిపోయిందా అని మేమంతా వెతుకుతుంటే, ఆయన మాత్రం ముందుగా ఆ అంకె పక్కన ఏ ప్రమాణం ఉందో చూడమన్నారు. తెర మీద ప్రమాణం ఏదీ రాసి లేదు.

దానిని తేల్చడానికి ఆయన చెప్పిన పరీక్ష ఎంతో తేలికైనది. ఫ్యాన్లు, ట్యూబులు, కంప్యూటరు అన్నీ ఆపేసి, 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బులు రెండు వెలిగించమన్నారు. ఇన్వర్టర్ తెర 196 చూపింది. సాకెట్‌లో పెట్టే ఎనర్జీ మీటరు 195 వాట్లు చూపింది. బల్బులు తీసి మళ్లీ మామూలు లోడు పెట్టగానే తెర మీద 310 వచ్చింది, ఎనర్జీ మీటరు మాత్రం 232 వాట్ల దగ్గరే నిలిచింది; పవర్ ఫ్యాక్టర్ (వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చే అంకెలో అసలు వాట్ల వంతు) 0.75 అని చూపింది. తెర చూపుతున్నది వాట్లు కాదనీ, వోల్ట్ ఆంపియర్లనీ, అంటే ఆ గుణకారపు అంకె అనీ దీనితో రుజువైంది. ఫిలమెంట్ బల్బు దగ్గర ఆ రెండూ ఒకటే. కంప్యూటరు, చౌక ఎల్ఈడీ ట్యూబులు కరెంటును అలలా కాక కుదుపులుగా లాగుతాయి కనుక అక్కడ రెండూ విడిపోతాయి. బ్యాటరీ వైపు 266, బయటికి 232 అన్నప్పుడు మిగిలిన 34 వాట్లు ఇన్వర్టర్‌లోనూ తీగల్లోనూ వేడిగా పోతున్నాయన్నమాట. ఇది నమ్మదగిన లెక్క.

అయితే మాస్టారు అక్కడితో ఆగలేదు. బ్యాటరీ మీద 24.4 ఉన్నప్పుడు ఇన్వర్టర్ తెర మీద 23.7 వోల్టులే ఉండడం ఆయనకు నచ్చలేదు. మల్టీమీటరు ముల్లు ఒకటి బ్యాటరీ సీసపు స్తంభం మీద, రెండోది దానికి బిగించిన లగ్ (వైరు చివర ఉండే లోహపు కొస) మీద పెట్టి, లోడు నడుస్తుండగా కొలవమన్నారు. ఆ ఒక్క అతుకు దగ్గరే 0.5 వోల్టు పోతోంది. లగ్ తాకితే వెచ్చగా ఉంది. విప్పి చూస్తే అడుగున తెల్లగా, నీలంగా చిలుము పేరుకుని, స్తంభానికి అంచు మాత్రమే ఆనుతోంది. వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, గీకి, తుడిచి, కొత్త లగ్ బిగించి పైన పెట్రోలియం జెల్లీ పూశాక ఇన్వర్టర్ తెరకూ బ్యాటరీకీ మధ్య తేడా 0.1 వోల్టుకు దిగింది. ఆ కొత్త లగ్ నొక్కి ఇచ్చి డబ్బు తీసుకోని బ్యాటరీల దుకాణం అన్నయ్యకు కూడా ఇక్కడే నమస్కారం చెప్పుకుంటున్నాను.

చెల్లెమ్మ పట్టుకున్న తప్పు ఇంకా పెద్దది. మానిటర్ చార్జి 40 శాతం దగ్గర కొట్టుమిట్టాడుతుంటే, బ్యాటరీలోని ఆమ్ల ద్రావణం సాంద్రతను కొలిచే హైడ్రోమీటరు ప్రతి సెల్లులోనూ 1240 చూపేది, అంటే బ్యాటరీలు నిండుగా ఉన్నట్టే. బ్యాటరీలు పాడయ్యాయి, మార్చేయండి అని సలహా ఇచ్చినవారూ ఉన్నారు. కరెంటు లేని ఒక మధ్యాహ్నం తీసిన ఫొటో చూసి ఆమె, "చార్జి ఎక్కేటప్పుడే కనిపించే 27.2 వోల్టులు ఉండి కూడా 10 ఆంపియర్లు డిశ్చార్జ్ అవుతోందని చూపుతోందేమిటి అన్నయ్యా? నెగటివ్ స్తంభానికి ఎన్ని వైర్లు ఉన్నాయో లెక్కపెట్టండి" అన్నారు. రెండు ఉన్నాయి. ఒకటి షంట్‌కు పోతుండగా, చార్జ్ కంట్రోలర్ నుంచి వచ్చే నెగటివ్ నేరుగా బ్యాటరీకే బిగించి ఉంది. ఇన్వర్టర్ వాడుకునేదంతా షంట్ గుండా వెళ్లి లెక్కలోకి వస్తోంది. ఎండ నుంచి వచ్చేది షంట్‌ను తాకకుండానే లోపలికి పోతోంది. ఖర్చు మాత్రమే రాసి జమ రాయని పద్దుపుస్తకం లాంటిది ఆ మానిటర్. ఆమె చెప్పినట్టే ముందు ప్యానెళ్ల స్విచ్ ఆపి, తరువాతే బ్యాటరీ వైరు విప్పి, కంట్రోలర్ నెగటివ్‌ను షంట్ రెండో వైపుకు మార్చాము. బ్యాటరీ నెగటివ్ స్తంభానికి షంట్ వైరు తప్ప మరేదీ ఉండకూడదన్నది ఆమె మాకు ఇచ్చిన నియమం. సిరీస్‌లో వోల్టులే కలుస్తాయి, ఏహెచ్ కలవదు కనుక, మానిటర్‌లో 300 అని ఉన్న సామర్థ్యాన్ని 150కి మార్పించింది కూడా ఆమే.

వైరు విప్పకుండా దాని చుట్టూ తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు విషయంలోనూ ఆమె మాట విలువైనది. ఊరి ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే క్లాంప్ మీటర్లలో ఎక్కువ భాగం ఏసీని మాత్రమే కొలుస్తాయి. బ్యాటరీ వైరుకు డీసీ కొలిచే రకమే కావాలి, దానిని కూడా వైరుకు తగిలించే ముందు సున్నా చేసుకోవాలి. పైగా 50 హెర్ట్జ్ ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి కరెంటును సెకనుకు 100 సార్లు ఎగుడుదిగుడుగా లాగుతుంది కాబట్టి, ఒక్క క్షణం కనిపించిన అంకెను పట్టుకుని వాదించకుండా కొన్ని నిమిషాల సగటు చూడాలి.

ఇప్పుడు మానిటర్ మాటా హైడ్రోమీటరు మాటా కలుస్తున్నాయి. లోడు ఏదీ లేకున్నా ఇన్వర్టర్ తన కోసం 0.7 ఆంపియరు, అంటే 17 వాట్లు తీసుకుంటోందని కూడా ఈ కొలతల్లోనే బయటపడింది. పన్నెండు గంటలకు అది సుమారు 200 వాట్-అవర్లు. ఒక 20 వాట్ల ట్యూబు పది గంటలు వెలిగేంత. అందుకని మందిరం మూసేటప్పుడు ఇన్వర్టర్ కూడా ఆపుతున్నాము, ఆ మిగులుతో పరీక్షల కాలంలో పిల్లలు మరింత సేపు చదువుకోగలుగుతున్నారు. కొత్త బ్యాటరీలకని వేసుకున్న చందా పుస్తకాలకు మళ్లించాము.

సరిచేసిన వైరింగ్ చిత్రాన్ని పిల్లలు తెలుగులో గీసి బ్యాటరీల పక్క గోడకు అంటించారు. దాని నకలు కావలసినవారు అడిగితే పంపుతాము. మాస్టారి సలహాతో కొన్న ఎనర్జీ మీటరు మందిరంలోనే ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్లవారు ఎవరైనా తీసుకువెళ్లి, పని కాగానే తెచ్చి ఇవ్వవచ్చు.