షుగర్ లేదని పంపేయకండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

సోమవారం గ్రీవెన్స్‌లో నేను ఇచ్చిన అర్జీలకు రసీదులు తప్ప జవాబు లేదు. చివరిదానికి మాత్రం సమస్య పరిష్కారమైందని ఫోనుకు సందేశం వచ్చింది. ఎవరు పరిష్కరించారు సార్? మా అబ్బాయి ఇప్పటికీ రాత్రంతా నీళ్లకు లేస్తూనే ఉన్నాడు.

వాడికి ఆరేళ్లు. పసితనం నుంచీ ఎంత తాగినా దాహం తీరదు, తాగినదంతా మూత్రంగా పోతుంది. ఎక్కడికి తీసుకెళ్లినా వేలి నుంచి చుక్క రక్తం తీసి, "షుగర్ లేదమ్మా, ఇది అలవాటే, నీళ్లు తగ్గించు" అన్నారు. వాళ్లు చెప్పినట్లు నీళ్లు తగ్గించిన ఎండాకాలంలోనే వాడికి ఫిట్స్ వచ్చాయి. రక్తంలో సోడియం విపరీతంగా పెరిగిందట. అనంతపురం ఎండలు మీకు తెలియనివి కావు.

మూత్రం ధారగా రాదని, ముక్కితే బొట్లు బొట్లుగా వస్తుందని ప్రతిచోటా మొత్తుకున్నాను. "ఇంత పోసేవాడికి అడ్డం ఎక్కడుంటుంది?" అని నా నోరు మూయించారు. పెద్ద ఊరికి వెళ్లి స్కాన్ తీయిస్తే తేలింది, అడ్డమే కారణమని. మగపిల్లల్లో కొందరికి మూత్రమార్గంలో పుట్టుకతోనే పొరల్లాంటి కవాటాలుంటాయి. మూత్రం వెనక్కి ఒత్తి కిడ్నీలు ఉబ్బుతాయి. అలా దెబ్బతిన్న కిడ్నీ, నీటిని ఒంట్లో నిలపమని మెదడు నుంచి వచ్చే వాసోప్రెసిన్ హార్మోన్ మాట వినదు. అదే నెఫ్రోజెనిక్ డయాబెటిస్ ఇన్సిపిడస్. ఈ జబ్బుకు చక్కెరతో సంబంధమే లేదు. మూత్రమార్గంలోకి సన్నని గొట్టం (ఎండోస్కోప్) పంపి కవాటాలు తొలగించినా కొందరికి అతిమూత్రం మిగిలిపోతుంది. మా వాడికి మిగిలింది.

దీనికి తిరగబడిన కథా ఉంది. జన్యులోపం వల్ల పుట్టుకతోనే ఈ జబ్బున్న పిల్లల్లో, ఏ అడ్డమూ లేకపోయినా, మూత్రం వరదకే నాళాలు, మూత్రాశయం ఉబ్బిపోతాయి. అందుకే స్కాన్ ఒక్కటే చాలదు, రక్తపరీక్ష ఒక్కటే చాలదు. రెండూ కలిపి చూడాలి. ఇంత చిన్న విషయం కోసం పసిబిడ్డను ఎత్తుకుని జిల్లా దాటాలా?

ఇక బడి సంగతి. నీళ్ల సీసా బెంచీ మీద పెట్టుకోనివ్వరు. మాటిమాటికీ బయటికి పంపరు. వాడు తడిసిన నిక్కరుతో ఇంటికి వస్తే తోటిపిల్లలు పెట్టిన పేరు ఇక్కడ రాయలేను. డాక్టరు చీటీ చూపిస్తే, పై నుంచి ఆదేశం కావాలన్నారు. పై నుంచి అంటే మీరే కదా సార్. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే బృందం కూడా మా బడికి వచ్చింది. ఎత్తు, బరువు, కళ్లు, పళ్లు చూసింది, మూత్రం మాటే ఎత్తలేదు. "ధార సరిగా వస్తోందా? రాత్రి ఎన్నిసార్లు నీళ్లకు లేస్తాడు?" అని అడగడానికి యంత్రాలు కావాలా?

దయచేసి ఆ ప్రశ్నలు అడిగించండి. షుగర్ లేకుండా అతిగా తాగి, అతిగా పోసే ప్రతి బిడ్డకూ కిడ్నీ స్కాన్, రక్తంలో సోడియం, మూత్రం గాఢత పరీక్షలు జిల్లాలోనే చేయించండి. కారణం తేలేదాకా నీళ్లు తగ్గించమనవద్దని వైద్యులకు చెప్పండి. ఈ పిల్లలకు నీళ్లు, మరుగుదొడ్డి అడ్డుకోవద్దని బడులకు ఒక్క కాగితం పంపండి. మందులూ అందడం లేదు, పెద్దల మాత్రలను ఇంట్లో ముక్కలు చేసి ఇస్తున్నాం.

ఈ పరీక్షలు జిల్లాలో ఏ ఆసుపత్రిలో, ఎప్పటి నుంచి చేస్తారో ఈసారైనా రాతపూర్వకంగా చెప్పండి సార్.

ఇట్లు,
ఒక తల్లి,
కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా