మా మగ్గం గుంట ఈసారి తడవలేదు

నేను చెబుతుంటే ఇంటర్ చదివే మా అమ్మాయి ఫోనులో రాస్తోంది.

మొన్నటి వానలకు పుట్టపాకలో మా వీధంతా బురదైంది. నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే మా మగ్గం గుంటలో మాత్రం చుక్క నీరు ఊరలేదు. మా ఆయన పొద్దున్నే గుంటలోకి దిగి, అరికాలితో నేల తడిమి చూసి, ఏమీ మాట్లాడకుండా పేక నూలు ఆడించే నాడె అందుకున్నారు. ఆ పొడి నేల కోసం ఎంతమంది చెయ్యి వేశారో అందరికీ తెలియాలి.

మాది డబుల్ ఇక్కత్ పని. పడుగుకూ పేకకూ ముందే రంగు అంటకూడని చోట చిటికీలు, అంటే గట్టి కట్లు, కట్టి, రంగులద్ది, మగ్గం మీద పువ్వుకు పువ్వు కలిసేలా నేస్తాం. నూనె పట్టించిన నూలుతో నేసే మా ఊరి తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మేమూ సంబరపడ్డాం. ఇంట్లో మాత్రం వచ్చిన కూలి వచ్చినట్టే బియ్యానికీ ఫీజులకూ సరిపోతుంది.

చిటికీ కట్టాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రంలా పుల్లలు గుచ్చిన చట్రం ముందు కూర్చుని, నూలును ఆ చివరికీ ఈ చివరికీ తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు ఆడాలి. నాలుగైదు గంటల పని. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం చేశారు, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మాలాంటి ఆడవాళ్ళ భుజాలకు ఆయన చేసిన మేలు ఎంతో ఆ పని చేసినవాళ్ళకే తెలుసు. మా వీధిలో చాలా ఇళ్ళకు ఆ యంత్రం వచ్చింది, మా ఇంటికి రాలేదు. రెండేళ్ళుగా నా కుడి చెయ్యి పైకి లేవక, జడ వేయమని అమ్మాయిని పిలిచేదాన్ని. ఆయన చూసేవారు, ఏమీ అనేవారు కాదు.

ఆయనది కాళ్ళ బాధ. మట్టి గుంట, వాన పడితే అడుగున ఊట. ఆ చెమ్మలో పొద్దంతా తొక్కి తొక్కి మోకాళ్ళు పట్టేసి, సాయంత్రానికి గట్టు పట్టుకుంటే గానీ పైకి రాలేకపోయేవారు. నేనూ చూసేదాన్ని, ఏమీ అనేదాన్ని కాదు.

గుంట కట్టించాలంటే మగ్గం విప్పాలి. మగ్గం విప్పాలంటే ఉన్న వార్పు, అంటే మగ్గానికి ఎక్కించిన పడుగు, నేసి దిగిపోవాలి. కొత్త నూలుకు యంత్రం కావాలన్నా అదే అదను. అందుకే ఒకరికి తెలియకుండా ఒకరం ఆ వార్పు ఎప్పుడు దిగుతుందా అని ఎదురుచూశాం. మాఘమాసంలో ఆఖరి చీర కోసిన మర్నాడు ఆయన పని ఉందని చౌటుప్పల్ వెళ్ళారు. నేను మేస్త్రీని పిలిపించాను. మధ్యాహ్నానికి మగ్గం ముక్కలు గోడకు ఆనించి ఉన్నాయి, వాకిట్లో ఇటుకలు దిగాయి. అప్పుడే ట్రాలీ ఆటోలో ఆసు యంత్రంతో ఆయన వచ్చారు. ఒక ఇంట్లో వాడటం మానేసిన యంత్రం, 14,000 రూపాయలకు కొన్నారు.

ఆయన విప్పిన మగ్గాన్ని చూస్తున్నారు. నేను ఆయన చేతిని చూశాను. తాతల నాటి 15 తులాల వెండి కడియం లేదు. బిగుతైందని పెట్టెలో పెట్టానని వారం ముందు చెప్పారు. "కడియం అమ్మారా?" అన్నాను. ఆయన నా మెడ వైపు చూసి, "నీ గుండ్లు ఇంతగా ఎప్పుడూ మెరవలేదే" అన్నారు. పుస్తెలతాడులోని నాలుగు బంగారు గుండ్లు 22,000కు తాకట్టు పెట్టి, వాటి చోట పూత గుండ్లు ఎక్కించుకున్నాను. ఇద్దరం ఇటుకల మీద కూర్చుండిపోయాం. ఏడ్చాం కూడా.

ఆ రాత్రి లెక్క చూసుకుంటే, యంత్రం ఉంది, దాని మీద పోయడానికి నూలు లేదు. గుంట ఉంది, అది ఆరాలి. చేతిలో డబ్బు లేదు. మగ్గం మళ్ళీ ఆడేదాకా కూలి రాదు.

పక్కింటి వదిన తెల్లారేసరికి పది కిలోల బియ్యం తెచ్చి గుమ్మంలో పెట్టింది. మేస్త్రీ అన్న తన కూలీలకు మాత్రం తీసుకుని, తన కూలి చీరలు దిగాక ఇమ్మన్నాడు. మాకు పని ఇచ్చే ఆసామి నూలుతో పాటు 3,000 ముందుగా ఇచ్చారు. గుంట ఆరాక వీధిలోని నలుగురు తమ మగ్గాలు ఆపి వచ్చి, మా మగ్గాన్ని మట్టం చూసి బిగించి, మధ్యాహ్నం భోజనానికి మాత్రం ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళారు. మా ఇంట్లో పొయ్యి ఎలా ఉందో వాళ్ళకు తెలుసు.

ఇక చౌటుప్పల్ షాపు సేటు. మేమిద్దరం రెండు రోజుల తేడాతో ఆయన దగ్గరికే వెళ్ళామని మాకు తెలియదు. ఆయనకు తెలుసు, అయినా ఒకరి మాట ఒకరికి చెప్పలేదు. ఉగాది తర్వాత వడ్డీ కట్టడానికి వెళ్తే, కాగితంలో చుట్టిన కడియం తీసి చూపించారు. "కరిగించబుద్ధి కాలేదమ్మా. డబ్బు సమకూరినప్పుడు తీసుకెళ్ళు" అన్నారు. వెండి ధర ఎంత పెరిగిందో అందరికీ తెలుసు. ఆయన మాత్రం మాకిచ్చిన 15,000 మాత్రమే, అదీ మూడు వాయిదాల్లో తీసుకున్నారు. మహిళా సంఘం అక్కలు అప్పు ఇవ్వకపోతే మొదటి వాయిదా కూడా కట్టలేకపోయేదాన్ని. సేటు తన పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు. సేటూ, మా ఆయన ఆ కడియం మళ్ళీ తొడుక్కున్న రోజు మీకు దండం పెడదామంటే షాపు మూసి ఉంది. ఇక్కడి నుంచే పెడుతున్నాను.

గుండ్లు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి, బతుకమ్మ నాటికి విడిపించాలని ఆయన పట్టుదల. మేస్త్రీ అన్నకు ఇంకా 1,500 ఇవ్వాలి. ఈ వార్పులో మూడో చీర నడుస్తోంది, అది దిగగానే ముందు ఆ బాకీ తీరుస్తాం. వదినా, నీ బియ్యం డబ్బాలో కొత్త బియ్యం పోసి ఉంచాను. సాయంత్రం వచ్చి తీసుకెళ్ళు. ఈ రోజు జడ నేనే వేసుకున్నాను, అదీ చూసి వెళ్ళు.