ఆ రికార్డులు ఇద్దరే చేయలేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో అమెరికన్ గాయకులు పాల్ సైమన్, ఆర్ట్ గార్ఫంకెల్ జంట మీద వచ్చిన వ్యాసం చదివాను. మన పేపర్లో ఆ పేర్లు కనిపించడమే సంతోషం, రాసినవారికీ వేసిన మీకూ థాంక్స్. అయితే పేజీలో సగానికి పైగా వాళ్ల గొడవలే ఉన్నాయి. ఎవరు ఎవరి మీద అలిగారు, ఎవరు సినిమా షూటింగుకి వెళ్లిపోయి రెండోవాళ్లని ఎదురుచూసేలా చేశారు, ఎప్పుడు విడిపోయారు, మళ్లీ ఎన్నిసార్లు కలిశారు, ఇదే వరస. మిగిలిన సగంలో ఒకాయన రాస్తాడు, ఒకాయన పాడతాడు అని చెప్పి సరిపెట్టేశారు. సైమన్ కూడా పాడతాడండీ, చాలా పాటల్లో ముందు వినిపించే గొంతు ఆయనదే! సరే, అది పెద్ద విషయం కాదు.

నా ఫిర్యాదు వేరే. వాళ్లిద్దరూ కలిసి స్టూడియోలో చేసినవి ఐదే ఐదు ఆల్బమ్‌లు, 1964 నుంచి 1970 మధ్యలో. అరవై ఏళ్లయినా జనం ఇంకా వింటున్నది ఆ ఐదింటినే. వాటిలో ఆ సౌండ్ అలా ఎలా వచ్చింది, ఎవరెవరు చెయ్యి వేస్తే వచ్చింది అన్నదానికి మీ వ్యాసంలో ఒక్క వాక్యం కూడా లేదు. వాళ్ల రికార్డింగ్ ఇంజనీరు రాయ్ హాలీ అన్న పేరే రాలేదు. నేను కొన్నేళ్లు సౌండ్ పని చేసినవాణ్ని, కాబట్టి నాకు కాస్త ఎక్కువగానే గుచ్చుకుంది, ఒప్పుకుంటాను. కానీ విషయం నా ఒక్కడి బాధ కాదు, వినండి.

వాళ్లని ఫోక్ రాక్ జంట అంటాం కదా, అంటే జానపద తరహా పాటకి ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్స్ తోడైన సంగీతం. అందులో ఆ ‘రాక్’ అనే ముక్క వాళ్లకి తెలియకుండా అతికించింది. మొదటి ఆల్బమ్ 1964 అక్టోబర్‌లో వచ్చింది, రెండు గొంతులు, గిటార్లు, పక్కన ఒక బేస్, అంతే. ఎవరూ కొనలేదు. సగం పాటలు వేరేవాళ్లవి, ఇప్పుడు విన్నా కొన్ని చోట్ల కాలేజీ ఫంక్షన్‌లో పాడినట్టే ఉంటుంది. సైమన్ ఇంగ్లండ్ వెళ్లి ఫోక్ క్లబ్బుల్లో పాడుకుంటున్నాడు, గార్ఫంకెల్ కొలంబియా యూనివర్సిటీలో చదువు చూసుకుంటున్నాడు, జంట దాదాపు ముగిసిపోయినట్టే. ఆ ఆల్బమ్‌లోనే ‘సౌండ్ ఆఫ్ సైలెన్స్’ పాట ఉంది, మామూలు గిటార్ మీద. అమెరికాలో కాలేజీ పిల్లలు రేడియోలో దాన్ని అడిగి వేయించుకుంటున్నారని రికార్డు కంపెనీకి తెలిసింది. అప్పుడు ప్రొడ్యూసర్ టామ్ విల్సన్ 1965 జూన్ 15న స్టూడియోకి వాయిద్యగాళ్లని పిలిపించి, పాత టేపు మీదే ఎలక్ట్రిక్ గిటార్లు, బేస్, డ్రమ్స్ ఎక్కించాడు. ఇద్దరినీ అడగలేదు, కనీసం చెప్పలేదు. ఆ రోజే అదే విల్సన్ బాబ్ డిలాన్ రికార్డింగు కూడా చూశాడు, ఒక్క రోజులో చేసిన పని చూడండి.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి, పాట వినేటప్పుడు దాన్ని పట్టుకోండి. మొదటి రికార్డింగ్‌లో డ్రమ్స్ లేవు కాబట్టి లయ ఒకే నడకన ఉండదు, భావాన్ని బట్టి కొంచెం సాగుతుంది, కొంచెం తొందరపడుతుంది. తర్వాత వచ్చిన డ్రమ్మరు, గిటారిస్టులు ఆ కదిలే లయ వెంట పడాల్సి వచ్చింది, వాళ్ల కోసం గొంతులు ఆగవు కదా, అవి ఎప్పుడో టేపులోకి ఎక్కిపోయాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చరణాల మొదట్లో వింటే ఆ తడబాటు దొరుకుతుంది. యంత్రంతో లయ సరిదిద్దేసిన ఇప్పటి పాటల్లో ఆ ఊపిరి ఉండదు. ఈ పాట చార్టుల్లోకి ఎక్కిన సంగతి సైమన్‌కి డెన్మార్క్‌లో ఉండగా తెలిసింది, 1966 జనవరి 1కి అమెరికాలో నంబర్ వన్. పరుగున మళ్లీ కలిశారు, రెండో ఆల్బమ్ ఆ నెలలోనే వచ్చేసింది. అంటే టామ్ విల్సన్ అనే ఒక నల్లజాతి ప్రొడ్యూసర్ ఆ రోజు ఆ పని చేయకపోతే మీరు వ్యాసం వేసేవారు కాదు, నేను ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. ఆయన పేరూ మీ పేజీలో లేదు.

ఇక రాయ్ హాలీ. మొదటి ఆల్బమ్ నుంచి ఇంజనీరు ఆయనే, నాలుగోది ‘బుకెండ్స్’ వచ్చేసరికి ప్రొడ్యూసర్ల పేర్లలో ఆయనది కూడా చేరింది. ఆ ఇద్దరి గొంతులు కలిసిపోయి మూడో గొంతులా వినిపిస్తాయని అందరూ అంటారు, అది దేవుడిచ్చిన వరం అన్నట్టు రాస్తారు. చిన్నప్పటి నుంచి న్యూయార్క్ క్వీన్స్‌లో పక్కపక్క వీధుల్లో పెరిగి, 1957లో ‘టామ్ అండ్ జెర్రీ’ పేరుతో స్కూల్లో ఉండగానే ఒక చిన్న హిట్ కొట్టినవాళ్లు, సాధన ఉంది, కాదనను. కానీ ఇద్దరినీ ఒకే మైకు ముందు నిలబెట్టి పాడించడం, అదే పాటని మళ్లీ వాళ్ల చేతే పాడించి మొదటి దాని మీద పరవడం, దేనికి ఎంత ఎకో, అంటే ప్రతిధ్వని కావాలో గది గది తిరిగి చూడటం, ఇది ఇంజనీరు పని.

‘బాక్సర్’ పాట తీసుకోండి, 1969ది. ఒక్క పాటకి వంద గంటలు పైన పట్టిందని చెబుతారు. గిటార్ నాష్‌విల్‌లో పట్టారు, ఫ్రెడ్ కార్టర్ అనే ఆయన వాయించాడు, మొదట్లో రాలి పడే ఆ గిటార్ మీటులు ఆయనవి. గొంతుల్లో కొంత భాగం కొలంబియా యూనివర్సిటీలోని చర్చిలో పాడించారు, ఆ గోడల మధ్య పుట్టే మార్మోత కోసం. పల్లవిలో ‘లై లై’ అన్నప్పుడు ఫిరంగి పేలినట్టు ఒక దెబ్బ పడుతుంది చూశారా, అది స్టూడియో గదిలోది కాదు. డ్రమ్మరు హాల్ బ్లెయిన్‌ని స్టూడియో బయట కారిడార్‌లో, లిఫ్టు తలుపు ఎదురుగా కూర్చోబెట్టి కొట్టించారు. సరిగ్గా బలంగా కొట్టే సమయానికి లిఫ్టు తెరుచుకుని అందులోంచి ముసలి సెక్యూరిటీ గార్డు బయటికి రాబోయి అదిరిపోయాడని బ్లెయిన్ తర్వాత నవ్వుతూ చెప్పేవాడు. సైమన్ రాసిన సాహిత్యం గొప్పదే, ఒంటరి కుర్రాడి కథ. కానీ ఆ దెబ్బ తీసేసి పాట ఊహించుకోండి, సగం పోతుంది.

అలాంటివే ఇంకా ఉన్నాయి. ‘సిసీలియా’లో మోగే తాళం ఒక ఇంట్లో సరదాగా పుట్టింది, పియానో బెంచీ మీదా తొడల మీదా కొడుతూ ఇంట్లో ఉన్న టేపు రికార్డరులో పట్టుకున్నారు. అందులో నచ్చిన ముక్కని హాలీ తీసుకుని మళ్లీ మళ్లీ తిరిగేలా లూప్ చేశాడు, దాని మీద పాట కట్టారు. ఇప్పుడు ల్యాప్‌టాప్ ముందు ప్రతి కుర్రాడూ చేసే పని ఇది, అప్పట్లో టేపు కత్తిరించి అతికించాలి. ‘ది ఓన్లీ లివింగ్ బాయ్ ఇన్ న్యూయార్క్’ చివర్లో దూరం నుంచి వచ్చే ఆలాపనకి ఇద్దరూ ఎకో చాంబర్ (ప్రతిధ్వని పుట్టించే గది) లోపలికే వెళ్లి పాడారు, ఒకసారి కాదు, పొర మీద పొర. గార్ఫంకెల్ సినిమా కోసం మెక్సికో వెళ్లినప్పుడు సైమన్ రాసుకున్న పాట అది, మీ వ్యాసంలో ఆ గొడవ గురించి పేరాలు పేరాలు ఉన్నాయి, గొడవలోంచి పుట్టిన ఈ పాట ప్రస్తావన మాత్రం లేదు!

‘బుకెండ్స్’లో ఒక రెండు నిమిషాల ముక్క ఉంటుంది, ముసలివాళ్ల మాటలు. గార్ఫంకెల్ టేపు రికార్డరు పట్టుకుని న్యూయార్క్‌లో, కాలిఫోర్నియాలో వృద్ధాశ్రమాలకి వెళ్లి రికార్డ్ చేసుకొచ్చినవి. చాలామంది దాన్ని దాటేసి తర్వాతి పాటకి వెళ్లిపోతారు. దయచేసి దాటకండి, దాని తర్వాత పార్కు బెంచీ మీద కూర్చున్న ఇద్దరు ముసలి స్నేహితుల పాట వస్తుంది, ఆ మాటలు విని ఈ పాట వింటేనే దాని బరువు తెలుస్తుంది. అందుకే 1972లో వచ్చిన హిట్స్ ఆల్బమ్‌తో మొదలుపెట్టమని మీ వ్యాసంలో ఇచ్చిన సలహా నాకు నచ్చలేదు. అందులో కొన్ని పాటలు కచేరీల్లో పాడినవి, పైగా ఏ పాట దేని పక్కన ఉండాలని వాళ్లు కూర్చారో అదంతా చెదిరిపోతుంది. కొత్తగా వినేవాళ్లు ‘బుకెండ్స్’ మొదటి వైపు వినండి, తర్వాత చివరి ఆల్బమ్.

చివరి ఆల్బమ్ అంటే ‘బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్’ (అల్లకల్లోలపు నీళ్ల మీద వంతెన), 1970 జనవరి. ఆ పేరుతో ఉన్న పాటని దాదాపు అంతా గార్ఫంకెలే పాడాడు, ఆ పియానో లారీ నెక్టెల్‌ది. సైమన్ పాటని గిటార్ మీద కట్టాడు, దాన్ని చర్చి పాట నడకలోకి పియానో మీదకి మార్చి, ఆ మొదటి స్వరాల నుంచి చివరి ఉప్పెన దాకా మలచడంలో నెక్టెల్ చెయ్యి ఎంతో ఉంది, అరేంజ్‌మెంట్‌కి (వాయిద్యాల కూర్పుకి) వచ్చిన గ్రామీ అవార్డులో ఆయన పేరూ ఉంది. మూడో చరణం కూడా స్టూడియోలో గార్ఫంకెల్ పట్టుబట్టి రాయించుకున్నదే. అసలు ఆ వంతెన మాట సైమన్‌కి తగిలింది స్వాన్ సిల్వర్‌టోన్స్ అనే నల్లజాతి గాస్పెల్ (క్రైస్తవ భక్తి గీతాల) బృందం పాటలో. క్లాడ్ జీటర్ అనే గాయకుడు ఆ పాట మధ్యలో, నన్ను నమ్మితే లోతు నీళ్ల మీద నీకు వంతెననవుతాను అని పాడతాడు. సైమన్ దాన్ని దాచలేదు, అందరికీ చెప్పాడు, 1973లో తన ఆల్బమ్‌లో ఆ జీటర్ చేతే పాడించాడు కూడా. అది పద్ధతి.

అన్నిసార్లూ అంత పద్ధతిగా జరగలేదు. ‘స్కార్‌బరో ఫెయిర్’ ఇంగ్లండ్ జానపదం, దానికి ఆ గిటార్ నడక కట్టింది మార్టిన్ కార్తీ అనే ఆయన, సైమన్ లండన్‌లో ఉన్న రోజుల్లో ఆయన దగ్గర నేర్చుకున్నాడు. 1966 ఆల్బమ్ మీద కార్తీ పేరు లేదు, పాట జానపదమన్న మాటా లేదు. ఆయన చాలా ఏళ్లు మనసులో పెట్టుకున్నాడు, 2000లో లండన్ కచేరీలో సైమన్, కార్తీ కలిసి ఆ పాట పాడాక గానీ అది తేలలేదు. ‘ఎల్ కాండోర్ పాసా’ది ఇంకో కథ. పారిస్‌లో లాస్ ఇంకాస్ అనే బృందం వాయిస్తుంటే సైమన్ విన్నాడు, పాత పెరూ జానపదమని వాళ్లు చెప్పారు, వాళ్ల రికార్డింగ్ మీదే తన మాటలు పాడేశాడు. తీరా చూస్తే అది డానియెల్ అలోమియా రోబ్లెస్ అనే పెరూ స్వరకర్త 1913లో ఒక నాటకానికి కట్టిన బాణీ, అమెరికాలో కాపీరైట్ కూడా ఉంది. ఆయన కొడుకు కేసు వేశాడు, మంచిగానే రాజీ అయింది, ఇప్పుడు రోబ్లెస్ పేరు వేస్తున్నారు. ‘జానపదం’ అని రాసేస్తే ఎవరిదీ కాదు అనుకోవడం ఎంత సులువో చూడండి.

మనకీ ఈ జబ్బు ఉంది కాబట్టే ఇంత పొడుగు ఉత్తరం. యూట్యూబ్‌లో తెలంగాణ జానపదాలకి కోట్లలో వ్యూస్, కింద చూస్తే చాలాసార్లు ‘సేకరణ’ అని ఉంటుంది, ఎవరి దగ్గర సేకరించారో ఉండదు. ఫలానా పాట ఎవరిది అన్న పంచాయితీలు టీవీల దాకా వచ్చాయి, అందరం చూశాం. బిరుదురాజు రామరాజు గారు, నేదునూరి గంగాధరం గారు ఊళ్లు తిరిగి పాటలు పోగుచేసిన తరం ఉంది మనకి. జంటల సంగతే అయితే మనకి వింజమూరి సీత, అనసూయ అక్కచెల్లెళ్లు ఉన్నారు, పొలాల్లో, వాకిళ్లలో పాడుకునే పాటల్ని రేడియోకి, గ్రామఫోన్ రికార్డుకి తెచ్చినవాళ్లు. అనసూయాదేవి గారు 2019లో హ్యూస్టన్‌లో కన్నుమూశారు, అప్పుడు అన్ని పేపర్లూ నివాళి రాశాయి. ఆ రికార్డుల్లో వెనక వాయించింది ఎవరు, రికార్డు చేసింది ఎవరు, ఆ పాటలు ముందు నోటితో చెప్పిన ఆడవాళ్లు ఎవరు అని ఎవరైనా అడిగి ఉంటే అప్పుడే ఎంతో కొంత తెలిసేది. సినిమా పాటలదీ అదే తంతు, రచయిత, సంగీత దర్శకుడు, గాయకులు, అక్కడితో ఆగిపోతుంది. మద్రాసు స్టూడియోల్లో ఒక తరం పాటు ఫ్లూట్, వీణ, తబలా వాయించినవాళ్లలో ఇంకా మన మధ్య ఉన్నవాళ్లు ఉన్నారు, ఫోన్ చేస్తే మాట్లాడతారు.

కాబట్టి నా కోరిక చిన్నది. మీరు ప్రతి ఆదివారం పాత పాట మీద ఒక బాక్స్ వేస్తారు కదా, దాని చివర ఇంకో రెండు లైన్లు పెంచండి. ఏ స్టూడియోలో రికార్డయింది, ఇంజనీరు ఎవరు, ఆ పాటలో ముఖ్యమైన వాయిద్యం ఎవరిది, జానపదం అయితే ఎవరి నోటి నుంచి ఎవరు తీసుకున్నారు. దొరకనప్పుడు దొరకలేదని వేయండి, పాఠకుల్లో తెలిసినవాళ్లు మీకే రాస్తారు. సైమన్, గార్ఫంకెల్ మీద రెండో భాగం వేసే ఉద్దేశం ఉంటే హాలీ, విల్సన్, నెక్టెల్, కార్తీ పేర్లతో మొదలుపెట్టండి, గొడవలకి చోటు మిగిలితే చివర్లో పెట్టుకోవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు, కాకినాడ