ఆ నోటుబుక్కులో రాసిన ప్రతి చేతికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. హైదరాబాద్ శివార్లలో బాచుపల్లి, బొల్లారం, అమీన్‌పూర్ చుట్టుపక్కల కాలనీల్లో ఉండే మా అందరి తరఫున ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. రాత్రుళ్లు మా ఇళ్లలోకి ఘాటు వాసన వదులుతున్న, మా వెనకవైపున్న ఒక ఫ్యాక్టరీకి కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) నుంచి ఆదేశాలు వెళ్లాయి. ఆవిరిని బయటికి వదిలే ముందు కడిగే స్క్రబ్బర్‌ను బాగుచేసుకోవాలని, సాల్వెంట్ల (రసాయనాలను కరిగించడానికి వాడే ద్రవాల) డ్రమ్ములు మూతల్లేకుండా ఆరుబయట ఉంచకూడదని అందులో ఉంది. పనులు జరిగాయి. మొన్నటి చలికాలం చివరికి వచ్చేసరికి అర్ధరాత్రి లేచి కిటికీలు మూసుకోవాల్సిన బాధ చాలావరకు తగ్గింది. పూర్తిగా పోలేదు కానీ మా ఇంట్లో చిన్నది దగ్గకుండా తెల్లారేదాకా పడుకుంటోంది. ఇది ఎవరి వల్ల సాధ్యమైందో నలుగురికీ తెలియాలి.

మొట్టమొదట మా గేటు దగ్గర రాత్రి డ్యూటీ చేసే వాచ్‌మన్ అన్నకు. ఈ వాసన పగలు రాదు. ఒంటిగంట దాటాక మొదలై నాలుగింటి దాకా ఉంటుంది. కుళ్లిన క్యాబేజీలా ఒకరోజు, నెయిల్ పాలిష్ లాంటి ఘాటుతో ఇంకోరోజు. పొద్దున ఫిర్యాదు చేస్తే, ఎవరైనా వచ్చి చూసేలోపు గాలికి కొట్టుకుపోతుంది. చూడ్డానికి ఏమీ మిగలదు. అందరం నిద్రపోయే వేళ మెలకువగా ఉండేది ఆయనొక్కడే కాబట్టి, గేటు దగ్గర బండి నంబర్లు రాసే రిజిస్టర్ చివరి పేజీల్లో వాసన వచ్చిన టైమ్ రాయడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పలేదు, అడగలేదు. పక్కన గాలి ఎటునుంచి వీస్తోందో కూడా, "చెరువు దిక్కు నుంచి", "ట్యాంకు దిక్కు నుంచి" అని రాశాడు. మా పోరాటానికి పునాది ఆ పేజీలే. అన్నా, నీకు చేతులెత్తి మొక్కుతున్నాం.

ఆ రిజిస్టర్ చూశాకే రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్ సార్ మమ్మల్ని కూర్చోబెట్టి విషయం విడమరిచి చెప్పారు. చలికాలం రాత్రుళ్లు నేల త్వరగా చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లగా, దాని పైన గాలి వెచ్చగా ఉండిపోతుంది. అప్పుడు కింది గాలి పైకి లేవదు, అందులో కలిసిన ఆవిరి కూడా లేవదు, మన కిటికీల ఎత్తులోనే తిరుగుతుంది. ఎండ పొడవగానే అది చెదిరిపోతుంది. సార్ చెప్పిన ఇంకో మాట మా కళ్లు తెరిపించింది. ఫోన్‌లో గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ) బాగుందని పచ్చరంగు చూపిస్తుంటే, ముక్కులు మండుతున్న మేమే అనుమానపు మనుషులమా అని చాలామంది ఊరుకున్నారు. ఆ సూచీ లెక్కగట్టేది ఎనిమిదింటినే: సన్నని ధూళి కణాలైన పీఎం 10, పీఎం 2.5, ఇంకా నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం. టోలుయీన్, డైక్లోరోమీథేన్ లాంటి సాల్వెంట్లు, కుళ్లువాసన కొట్టే మెర్‌కాప్టాన్లు ఆ లెక్కలోనే లేవు. కొలవని దాన్ని సూచీ ఎలా చూపిస్తుంది? ఈ ఒక్క మాటతో మా కాలనీలో నోరు విప్పినవాళ్లు రెట్టింపయ్యారు. సార్, ఆ సాయంత్రాలన్నీ మా కోసం కేటాయించినందుకు మీకూ, ప్రతిసారీ అందరికీ చాయ్ పెట్టిన అమ్మకూ వందనాలు.

రిజిస్టర్ ఒక్క గేటుది. దాన్ని చుట్టుపక్కల కాలనీలన్నిటికీ నోటుబుక్కుగా మార్చింది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ)లో చదువుకున్న మా పక్క వీధి అమ్మాయి. 2025లో ఆ యూనివర్సిటీ పక్కనే కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల భూమిలో చెట్లు కొట్టేస్తుంటే అక్కడి విద్యార్థులు నిలబడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి పనులు ఆపించింది. తన తోటివాళ్లలో ఆ ధైర్యం చూసిన పిల్ల. తేదీ, టైమ్, వీధి, వాసన తీరు, గాలి దిక్కు, ఇంట్లో ఎవరికి ఏమైంది, ఈ ఆరు గళ్లు గీసి ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఒకరికి అప్పజెప్పింది. నెల తిరిగేసరికి అన్ని పుస్తకాలూ ఒకచోట పరిచి చూస్తే, వేర్వేరు కాలనీలవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే ఒకే రాత్రి, ఒకే వేళ, ఒకే దిక్కు రాశారని తేలింది. ఆ కాగితాలు చేతిలో ఉన్నాకే అధికారుల దగ్గర మా మాటకు బరువొచ్చింది.

పీసీబీలో ఒక యువ ఇంజనీరు గారు ఆ పట్టికలు చదివి, "వాసన మొదలవగానే ఫోన్ చేయండి, టైమ్ చూడకండి" అన్నారు. అన్నట్టే వచ్చారు. చలిలో, వాళ్ల బృందంతో, మా వీధులన్నీ నడిచి, వాసన వెంటే ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్లారు. ప్రభుత్వ ఉద్యోగులను తిట్టడం మనకు అలవాటు. రాత్రి రెండింటికి పనిచేసిన ఈ ఉద్యోగులను మెచ్చుకోవడం కూడా అలవాటు చేసుకుందాం.

తర్వాత పేరు చెప్పకూడనివాళ్లు. ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసే కొందరు అన్నలు. వాళ్లెవరో ఎవరూ అడగొద్దు, ఊహించొద్దు, దయచేసి కామెంట్లలో రాయొద్దు. మాకంటే ముందు ఆ ఆవిరి పీల్చేది వాళ్లే. మేము ఫ్యాక్టరీ మూయించమని ఏనాడూ అడగలేదు. వాళ్ల పొయ్యి వెలగాలి, మా పిల్లలు ఊపిరి పీల్చాలి, స్క్రబ్బర్ సరిగ్గా నడిస్తే రెండూ జరుగుతాయి. ఈ మాట మొదటి మీటింగ్‌లోనే గట్టిగా చెప్పిన బస్తీ పెద్దమ్మకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఆమె కొడుకు కూడా ఆ పారిశ్రామికవాడలోనే చేస్తాడు.

మా లాయర్ మేడమ్ ఒక్క రూపాయి తీసుకోలేదు. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టించి, ఫ్యాక్టరీకి ఇచ్చిన నిర్వహణ అనుమతిలో ఏ షరతులున్నాయో తెప్పించారు. ఏ షరతు తప్పిందో చూపించగలిగాక, "వాసన వస్తోంది" అనే మా ఫిర్యాదు "ఫలానా షరతు ఉల్లంఘన" అయింది. జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాల్సి వస్తే సమస్య తలెత్తిన ఆరు నెలల్లోపే వెళ్లాలని, ఆలస్యానికి కారణం చూపితే మరో అరవై రోజులే గడువని ముందే హెచ్చరించి కాగితాలన్నీ సిద్ధంగా ఉంచారు. చెన్నై బెంచ్ మెట్లెక్కే అవసరం ఇప్పటికైతే రాలేదు. ఇంకో సంగతి కూడా ఆమె నుంచే తెలిసింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరిరక్షణ పరిధిలో పెట్టబోయిన ఒక ఆముదపు నూనె పరిశ్రమ కేసులో, 1999లో సుప్రీంకోర్టు ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరంగా చెప్పింది. హాని లేదని నిరూపించుకునే బాధ్యత పరిశ్రమదే అన్నది ఆ సూత్రంలో భాగం. దేశమంతా చెప్పుకునే ఆ తీర్పు మన జంట జలాశయాల గురించి వచ్చిందని తెలిసి మాకు చాలా బలం వచ్చింది.

పటాన్‌చెరు పెద్దలను తలుచుకోకుండా ఇది పూర్తి కాదు. నక్కవాగు రంగు మారి, పొలాలు పాడై, పశువులు నీళ్లు ముట్టని రోజుల్లో, 1990లోనే అక్కడి కాలుష్యం మీద సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. డాక్టర్ కిషన్‌రావు గారు క్లినిక్‌కు వచ్చే రోగులను చూసి రోగం ఎక్కడినుంచి వస్తోందో వెతుక్కుంటూ వెళ్లిన మనిషి. మా పిల్లల డాక్టర్ గారు ఆయన గురించి చెబుతూనే 2007 నాటి స్వీడన్ పరిశోధకుల పత్రం మాకు చూపించారు. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలను శుద్ధి చేసి వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందట. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. అలాంటి నీళ్లలో బతికే బ్యాక్టీరియా ఆ మందుకు లొంగకుండా తయారవుతుంది. డాక్టర్ గారూ, రాత్రి ఆయాసంతో తెచ్చిన ప్రతి బిడ్డ వివరాలనూ, తల్లిదండ్రులు ఒప్పుకున్నవి మాత్రమే, ఓపికగా రాసి ఇచ్చారు. మీ మేలు మరువం.

గాలి సంగతి ఇలా ఉంటే, చెరువులోకి పారే నాలా సంగతి ఇంకా తేలలేదు. చెరువులో చేపలు పట్టుకు బతికే అన్నలు మా వెంట ప్రతి మీటింగ్‌కూ వచ్చారు, గాలి కోసం మేము మాట్లాడితే చప్పట్లు కొట్టారు. ఇప్పుడు నీళ్ల కోసం మేము వాళ్ల వెంట నిలబడాలి. వాన మొదలవగానే, పారే నీళ్ల చాటున వ్యర్థాలు వదిలేస్తారని వాళ్లు ఏళ్లుగా చెబుతున్నారు. తొలకరి రాత్రుళ్లలో నాలా దగ్గర ఎవరో ఒకరు ఉండి, నురగ కనిపించగానే ఇంజనీరు గారి బృందానికి ఫోన్ చేయాలి. నీళ్లు చేత్తో ముట్టొద్దు, శాంపిల్ తీయడం వాళ్ల పని, మనం తీసింది కోర్టులో నిలవదని మేడమ్ మరీ మరీ చెప్పారు. జూన్‌లో ఏ రాత్రి ఉండగలరో మెడికల్ షాపు అక్క దగ్గరున్న కొత్త నోటుబుక్కులో మీ ఫ్లాట్ నంబర్ రాయండి. చెరువు అన్నలు ఇప్పటికే మొదటి వారం తీసుకున్నారు.